కుడి లైటు ఎర్రబడింది, ఎడమ లైటు చెట్లెక్కింది

ప్రశ్న: నమస్తే అన్నా. నేను హన్మకొండలో ఉంటాను. నర్సంపేట దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. రెండేళ్ల కింద 2013 మోడల్ చిన్న డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పదో తరగతికి స్పెషల్ క్లాసులు మొదలయ్యాక ఇంటికి బయలుదేరేసరికి చీకటి పడుతోంది. కుడి హెడ్‌లైటు కందిలి బుడ్డిలా ఎర్రగా వెలుగుతోంది. ఎడమది బాగానే వెలుగుతుంది కానీ రోడ్డు మీద కాకుండా చెట్ల మీద పడుతోంది. కుడి ఇండికేటర్ వేస్తే దానితో పాటు కుడి హెడ్‌లైటు కూడా కొట్టుకుంటుంది. ఒక షాపులో 100/90 బల్బులు (హై బీమ్‌కు 100, లో బీమ్‌కు 90 వాట్లు) వేశారు. నాలుగు నెలలకే కుడివైపు హోల్డర్ కరిగిపోయింది, మళ్లీ మామూలు బల్బులే వేయించాను. ఇప్పుడు ఇంకో షాపులో ఎల్‌ఈడీ వేస్తే ఒక్క దెబ్బకు అంతా పోతుందంటున్నారు. వేయించమంటారా?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: సార్, నమస్తే. ఎల్‌ఈడీ ఇప్పుడే వేయించకండి. ఆ డబ్బు జేబులోనే ఉండనీయండి. ముందు ఒక మల్టీమీటరు సంపాదించండి. మీ బడి ల్యాబులో ఉండే ఉంటుంది, లేకపోతే ఎలక్ట్రికల్ షాపులో మూడు నాలుగు వందలకు దొరుకుతుంది.

మీ బండికి ఉన్నది ఒక రోగం కాదు, రెండు. కుడి లైటు ఎర్రబడటం కరెంటు గొడవ. ఎడమ లైటు చెట్లెక్కడం అమరిక గొడవ. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. రెండింటికీ కలిపి ఒకే మందు ఇస్తానన్నవాడి దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి.

ముందు కుడివైపు సంగతి. పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. కుడి బల్బు తీసి ఎడమకు, ఎడమ బల్బు తీసి కుడికి వేయండి. ఎరుపు బల్బుతో పాటు ఎడమకు వెళ్లిపోతే తప్పు బల్బుది. కుడివైపే ఉండిపోతే ఇక బల్బుల జోలికి పోవద్దు. మీ బండిలో కుడివైపే ఉండిపోతుందని నా నమ్మకం. ఒక జాగ్రత్త: హాలోజన్ బల్బు గాజును వేలితో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ కాలి బల్బు తొందరగా పోతుంది. పొరపాటున ముట్టుకుంటే స్పిరిట్ గుడ్డతో తుడిచి పెట్టండి. స్నాక్స్ టైములో మిర్చి బజ్జీ తిన్న చెయ్యితో అయితే అసలు వద్దు.

నాకు అంత నమ్మకం ఎందుకంటే, ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు కొట్టుకుంటుందని రాశారు చూడండి, జవాబు ఆ ఒక్క మాటలోనే ఉంది. కారులో కరెంటు బల్బు దాకా పోవడానికి వైరు ఉంటుంది. తిరిగి బ్యాటరీకి రావడానికి చాలావరకు బండి బాడీయే దారి. కుడి హెడ్‌లైటు, కుడి ఇండికేటర్, పార్కింగ్ లైటు నల్ల వైర్లన్నీ కలిసి చాలా బళ్లలో ఒకే బోల్టు దగ్గర బాడీకి అంటుకుంటాయి. దాన్నే మేం బాడీ ఎర్త్ అంటాం. మీ బడి పాఖాల చెరువు ఆయకట్టు పక్కనే కాబట్టి ఇలా చెప్తాను. రెండు మడుల నీళ్లు బయటికి పోవడానికి ఒకే తూము ఉందనుకోండి. ఆ తూము సగం పూడిపోయింది. ఒక మడి నీళ్లే కష్టంగా పోతున్నప్పుడు రెండో మడి గండి కూడా తెరిస్తే మొదటిది నిలిచిపోతుంది. మీ ఇండికేటర్ వెలిగిన ప్రతిసారీ జరుగుతున్నది అదే. అది ఆరగానే హెడ్‌లైటు మళ్లీ కొంచెం తేరుకుంటుంది. లో బీమ్‌లో ఉన్నా మీటర్ల దగ్గర హై బీమ్ నీలం లైటు సన్నగా వెలుగుతోందేమో కూడా ఒకసారి చూడండి. అదీ కనిపిస్తే ఇక సందేహమే అక్కర్లేదు.

ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో నేనూ దీని దగ్గరే బోల్తా పడ్డాను. ములుగు నుంచి ఒక ట్యాక్సీ డ్రైవరన్న జీపు తెచ్చాడు, ఒక లైటు మసక. బల్బు మార్చాను. వారానికి మళ్లీ వచ్చాడు, స్విచ్ మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు ఆయన మాట్లాడే తీరు మారింది. అప్పుడు మా ఉస్తాద్ లేచి వచ్చి, ఒక వైరు ముక్క తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస హోల్డర్ ఎర్త్‌కు ఆనించాడు. లైటు ఒక్కసారిగా తెల్లగా లేచింది. ఎర్త్ బోల్టు విప్పితే దాని కింద చక్కగా పచ్చరంగు పెయింటు. ఎప్పుడో డెంటింగ్, పెయింటింగ్ చేసినప్పుడు ఆ చోటు కూడా రంగు కొట్టి, దాని మీదే బోల్టు బిగించేశారు. ఉస్తాద్ నన్నేమీ అనలేదు. ఆ బోల్టు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అందుకే అడుగుతున్నాను, మీ కారు కుడి ఫెండరుకు మీరు కొనకముందు రంగు పడిందా? బానెట్ ఎత్తి, హెడ్‌లైటు వెనక అంచుల్లో బాడీ రంగు చుక్కలు వైర్ల మీద, బోల్టుల మీద ఉన్నాయేమో చూడండి. ఉంటే సగం దొంగ దొరికినట్టే.

ఇప్పుడు మీటరు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. బండి స్టార్ట్ చేసి లో బీమ్ వేయండి. ముందు బ్యాటరీ రెండు కొసల మీదా చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో, బెల్టు బాగున్నట్టే. ఇంజన్ ఆపి కొన్ని గంటలు వదిలేసినప్పుడు మంచి బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది. ఆ తర్వాత అదే మీటరును కుడి బల్బు వెనక పిన్నుల మీద పెట్టండి. బల్బుకు తగిలించిన ప్లగ్గు, అంటే కప్లర్ తీయొద్దు, దాని వెనక నుంచి మీటరు మొనలు లోపలికి గుచ్చాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కప్లర్ ఊడదీసి మీటరు పెడితే నిండు 14 వోల్టులు చూపిస్తుంది. కరెంటు పారనప్పుడు చెడ్డ జాయింటు కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది. ఓమ్ సూత్రం మీకు నేను చెప్పేదేముంది, కరెంటు సున్నా అయితే జాయింటులో పోయే వోల్టేజీ కూడా సున్నాయే. వెలుగుతూ ఉన్నప్పుడు చూస్తేనే దాని బండారం బయటపడుతుంది.

బ్యాటరీ దగ్గర 14 ఉండి బల్బు దగ్గర 12 వచ్చిందనుకోండి. పోయింది రెండు వోల్టులే కదా అనిపిస్తుంది. హాలోజన్ ఫిలమెంటు అంత మంచిది కాదు సార్. వోల్టేజీ కొంచెం తగ్గితే దాని వెలుగు చాలా తగ్గుతుంది, దాదాపు వోల్టేజీ 3.4వ ఘాతం లెక్కన. అంటే పది శాతం వోల్టేజీ పోతే వెలుగు 30 శాతం దాకా పోతుంది. 14కు 12 వస్తే వెలుగులో 40 శాతం లేనట్టే, పైగా ఉన్న వెలుగు కూడా ఎర్రబడుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న చివరి ఇంట్లో పాతకాలం బల్బు సాయంత్రం పూట ఎలా వెలిగేదో మీకు తెలుసు. ఆ ఇంటివాళ్లు పెద్ద బల్బు తెచ్చి పెట్టినా లాభం లేకపోయేది.

మీకు 100/90 వేసినవాళ్లు చేసింది ఆ పనే. మామూలు హెచ్‌4 బల్బు (లో, హై బీమ్‌లు రెండూ ఒకే బల్బులో ఉండే రకం) లో బీమ్‌లో 55 వాట్లు, అంటే సుమారు నాలుగున్నర ఆంపియర్లు. 90 వాట్ల ఫిలమెంటు ఏడున్నర లాగుతుంది. జాయింటు చెడ్డదే ఉండగా కరెంటు పెంచితే అక్కడ పోయే వోల్టేజీ పెరుగుతుంది, బల్బుకు ఇంకా తక్కువే అందుతుంది. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ జాయింటులో వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. హోల్డర్ కరగక ఏం చేస్తుంది? కరిగిన హోల్డర్ మార్చామన్నారేమో, ఎలా మార్చారో కూడా చూడండి. వైర్లు మెలితిప్పి టేపు చుట్టి ఉంటే అదో కొత్త చెడ్డ జాయింటు. పింగాణీ హోల్డర్ తెచ్చి, సోల్డర్ చేసి, పైన స్లీవ్ వేయించండి.

పోయిన రెండు వోల్టులు ఏ దారిలో పోయాయో ఇప్పుడు తెలుసుకోవాలి. మీటరు నల్ల మొన బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర మొన బల్బు ఎర్త్ పిన్ను మీద పెట్టండి, లైటు వెలుగుతూనే ఉండాలి. 0.2 లోపు ఉంటే ఎర్త్ మంచిదే. ఒక వోల్టు, ఒకటిన్నర చూపిస్తే తూము పూడినట్టే. ఆ పిన్ను దగ్గర 11, 12 లేదా ఆపైన చూపిస్తే మాత్రం ఆగండి. కొన్ని కార్లలో ఉమ్మడి పిన్నుకు ప్లస్ వస్తుంది, స్విచ్ మైనస్ వైపు ఉంటుంది. మా ఉస్తాద్ వేసినట్టు వైరు ముక్క వేసి చూసే పని మీరు ఈ కొలత చూశాకే చేయాలి, లేకపోతే ప్లస్‌కూ మైనస్‌కూ ముడిపెట్టి ఫ్యూజు ఎగరగొట్టుకుంటారు.

ఎర్త్ బాగుచేయడం గంట పని కూడా కాదు. బ్యాటరీ మైనస్ ఊడదీయండి. ఎర్త్ బోల్టు విప్పి, వైరు చివరి థింబుల్‌ను (బోల్టుకు తగిలే రింగును), దాని కింద బాడీని వాటర్ పేపరుతో తళతళలాడేదాకా రుద్దండి. థింబుల్ లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంటే అంతవరకు కోసేసి కొత్త థింబుల్ వేయించాలి, పైపైన రుద్దితే లాభం లేదు. మళ్లీ గట్టిగా బిగించి, పైన కొంచెం వాజలీన్ పూయండి, వానాకాలం నీళ్లు చేరవు. అదే ఊపులో ఎడమవైపు బోల్టు కూడా చేసేయండి.

ఎర్త్ బాగయ్యాక కూడా ప్లస్ వైపు 0.5 కంటే ఎక్కువ పోతుంటే, అప్పుడు రిలే కిట్ ఆలోచించండి. రిలే అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును తెరిచే స్విచ్. హెడ్‌లైటు కరెంటు మొత్తం స్టీరింగు పక్కనున్న సన్నని స్విచ్ గుండా తిరిగి రాకుండా, బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో నేరుగా బల్బుకు వెళ్తుంది. స్విచ్ పని రిలేను లేపడం వరకే. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలని చెప్పండి. మీకు అక్కడిదాకా అవసరం రాదనే అనుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం నన్ను కొంచెం భయపెడుతోంది. నాలుగు నెలలు 100/90 మండింది కదా, కుడి డూమ్ (బల్బు కూర్చునే హెడ్‌లైటు గిన్నె) లోపల బల్బుకు పైన అద్దం పూత పొగచూరినట్టు మబ్బుగా ఉందేమో చూడండి. ఉంటే వోల్టేజీ ఎంత సరిచేసినా ఆ డూమ్ వెలుగునివ్వదు. గుడ్డ పెట్టి తుడవాలని అస్సలు చూడకండి, ఉన్న పూత కూడా గుడ్డకే వచ్చేస్తుంది. డూమ్ మార్చడమే దారి. బయటి గ్లాసు పసుపెక్కడం మాత్రం చిన్న విషయం. అది గాజు కాదు, పాలీకార్బొనేట్. మన ఎండలకు పైపొర పాడవుతుంది. 800, 1500, 2000 నంబర్ల వాటర్ పేపరుతో నీళ్లు పోస్తూ వరసగా రుద్ది, పాలిష్ పట్టి, చివర యూవీ కోటింగ్ వేస్తే బాగుంటుంది. పళ్ల పేస్టుతో రుద్దితే వారం రోజులు మెరుస్తుంది, అంతే.

ఇక చెట్లెక్కిన ఎడమ లైటు. హెచ్‌4 బల్బు అంచుకు మూడు చెవులుంటాయి, పైది వెడల్పు. అవి గాడిలో సరిగ్గా కూర్చోకుండా స్ప్రింగ్ క్లిప్పు బలవంతంగా వేసేస్తే లైటు వెలుగుతుంది కానీ చెదిరిపోతుంది. లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న దొప్ప ఒకటి ఉంటుంది, కిందికి పోయే వెలుగును ఆపి, వెలుగు పైకి ఎగరకుండా చూసేది అదే. బల్బు వంకరగా కూర్చుంటే దొప్ప కూడా పక్కకు తిరిగిపోతుంది. మీ బండికి రెండుసార్లు బల్బులు మార్చారు కాబట్టి నా మొదటి అనుమానం ఇదే. తీసి మళ్లీ పెట్టండి. ఆ తర్వాత డూమ్‌ను చేత్తో ఊపి చూడండి. ఏదైనా కాలు విరిగి ఊగుతుంటే ఎంత సర్దినా నిలవదు.

ఇంకో మాట, నవ్వొద్దు. స్టీరింగు పక్కన 0, 1, 2, 3 అంకెలున్న చిన్న చక్రం ఉందా? వెనక బరువు వేసినప్పుడు లైట్లను కిందికి దించడానికి అది. పిల్లలు తిప్పేసిన చక్రం వల్ల లైట్లు దూరం పడట్లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఒక్కరిద్దరు కాదు. అది తిప్పినప్పుడు ఒకవైపు లైటు కదిలి ఇంకోవైపుది కదలకపోతే, కదలనిదాని లోపలి చిన్న మోటారు పోయినట్టు.

తర్వాత మీ బడి కాంపౌండ్ గోడే మీకు పనిముట్టు. నేల చదునుగా ఉన్న చోట, గోడకు ఎదురుగా 10 మీటర్ల దూరంలో బండి నిలపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి, చక్రం 0 మీద ఉండాలి. నేల నుంచి హెడ్‌లైటు మధ్య భాగం ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తులో చాక్‌పీసుతో అడ్డగీత గీయండి. లో బీమ్ వేస్తే వెలుగు పైఅంచు ఆ గీతకు 10 సెంటీమీటర్ల కింద పడాలి. మీటరుకు సెంటీమీటరు చొప్పున దిగుతూ పోవడమన్నమాట. కొన్ని బళ్లకు ఎంత శాతం దిగాలో హెడ్‌లైటు మీదే ముద్రించి ఉంటుంది, ఉంటే దాన్నే పాటించండి. ఒక లైటును గుడ్డతో కప్పి ఇంకోదాన్ని చూడండి, డూమ్ వెనక స్క్రూ తిప్పి సర్దండి. అంచు ఎడమవైపు కొంచెం పైకి లేచి కనిపిస్తే కంగారు పడొద్దు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి, రోడ్డు అంచున నడిచేవాళ్లు కనబడాలని కావాలనే అలా తయారుచేస్తారు. కుడివైపు అంచు మాత్రం చదునుగా, కిందికే ఉండాలి, ఎదుటివాడి కళ్లుండేది అటే.

ఎల్‌ఈడీ ఎందుకు వద్దన్నానంటే, పెడితే వెలుగు రాదని కాదు. వస్తుంది. అది తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి ఆ చెడ్డ ఎర్త్ మీద కూడా తెల్లగా వెలుగుతుంది, మీకు సమస్య పోయినట్టే అనిపిస్తుంది. ఎర్త్ మాత్రం అలాగే తుప్పు పడుతూ ఉంటుంది, ఇండికేటర్ అలాగే తిక్కగా కొట్టుకుంటుంది. అంతకంటే పెద్ద చిక్కు, మీ డూమ్ అద్దం వంపంతా సన్నని ఫిలమెంటు చుట్టను లెక్కలోకి తీసుకుని చేసినది. వెలుగు పుట్టే చోటు, ఆకారం మారితే గోడ మీద మీరు సర్దిన అంచు చెదిరి, ఎదురుగా వచ్చే బైకువాడి మొహం మీద పడుతుంది. లో బీమ్ వేశాక కూడా మనకు డిప్పర్ కొడుతున్నారంటే అదే కారణం. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది ఈ సంగతే చెబుతుంది. లైటుకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కన, మీటరున్నర ఎత్తులో కళ్లున్న మనిషికి జిగేలుమనకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి. షాపువాళ్లు చూపించే ఎల్‌ఈడీని వాళ్ల గోడ మీదే వెలిగించమని అడగండి, అంచు ఎలా పడుతుందో మీరే చూడొచ్చు.

బాగయ్యేదాకా రాత్రిళ్లు 40 దాటి పోకండి. 60లో పోతున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది, మీ కుడి లైటు ఇప్పుడు అంత దూరం చూపించడమే గగనం. పైగా ఇది కోతల కాలం. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, పైన నల్ల టార్పాలిన్ కప్పి ఉంటారు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే ట్రాలీలకు వెనక లైటు ఉంటే అదృష్టం. ముందు అద్దాన్ని లోపలి నుంచి కూడా తుడవండి, ఆ జిడ్డు పొర ఎదుటి లైట్లను రెట్టింపు చేస్తుంది. తుడిచాక కూడా ఎదుటి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తుంటే మాత్రం నా దగ్గరికి కాదు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఎర్త్ చేశాక మళ్లీ కొలిచి నాకు రెండు అంకెలు రాయండి సార్. బ్యాటరీ దగ్గర ఎంత, లైటు వెలుగుతుండగా కుడి బల్బు దగ్గర ఎంత. తేడా అర వోల్టు లోపలికి వచ్చి కూడా కుడివైపు మసకగానే ఉంటే, డూమ్ లోపలి ఫొటో కూడా ఒకటి పంపండి.